బాంబుకు దూరం జరిగే వృత్తి, దగ్గరికి లాగే సినిమా

సంక్షిప్తంగా

2004 నాటి బాగ్దాద్ నేపథ్యంగా క్యాథరిన్ బిగెలో తీసిన ‘ది హర్ట్ లాకర్’ ఆరు ఆస్కార్లు గెలిచింది. విమర్శకులు దాన్ని ఎంతో వాస్తవికమైన యుద్ధ చిత్రమన్నారు. బాంబులు నిర్వీర్యం చేసే పనిలో ఉన్న సైనికులు పలువురు మాత్రం ఇలా ఎవరూ చేయరన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. 1940 నుంచీ ఆ వృత్తి మనిషిని బాంబుకు దూరంగా జరుపుతూ వస్తోంది. సినిమాకేమో మనిషి బాంబు మీద వంగి కూర్చుంటే తప్ప కథ లేదు. అంగీకారాలకూ అభ్యంతరాలకూ మూలం ఈ ఒక్క తేడాలోనే ఉంది.

మొదటి పది నిమిషాలు

బాగ్దాద్‌లో ఒక వీధి. చెత్తలో దాచిన బాంబు దగ్గరికి అమెరికన్ సైనికులు ముందు రోబోను పంపుతారు. రోబో వెనక ఒక చిన్న బండి, అందులో ఆ బాంబును అక్కడికక్కడే పేల్చేయడానికి కావలసిన పేలుడు పదార్థం. నేల ఎగుడుదిగుడుగా ఉండటంతో బండి చక్రం ఊడిపోతుంది. ఇక తప్పక సార్జెంట్ థాంప్సన్ బరువైన రక్షణ సూటు తొడుక్కుని నడిచి వెళ్తాడు. చేత్తో పేలుడు పదార్థం అమర్చి వెనక్కి తిరుగుతాడు. అంతలో పక్కనున్న మాంసం దుకాణంలో ఒకతను సెల్‌ఫోన్ తీస్తాడు. థాంప్సన్ పరిగెత్తుతాడు. దూరం చాలదు.

ఈ ఒక్క సన్నివేశంలో సినిమా బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి. ముందు రోబోను పంపడం, బాంబును విప్పకుండా ఉన్నచోటే పేల్చాలనుకోవడం, దూరం నుంచి ఫోన్‌తో పేల్చేవాడు ఎవరో తెలియకపోవడం అచ్చంగా అప్పటి ఇరాక్ పరిస్థితే. రోబో పనిచేయకపోగానే నిమిషాల్లో మనిషి బయలుదేరడం మాత్రం కథ అవసరం.

సినిమా మొదట 2008లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. 2009 జూన్‌లో అమెరికా థియేటర్లకు వచ్చింది. స్క్రీన్‌ప్లే రాసిన మార్క్ బోల్ పాత్రికేయుడు. 2004లో బాగ్దాద్‌లో ఒక బాంబు నిర్వీర్య దళంతో కలిసి తిరిగాడు. అంటే కథకు ముడిసరుకు కళ్లారా చూసిందే. అలాంటి సినిమాను ఆ పని చేసినవాళ్లే ఎందుకు తప్పుపట్టారన్నది అర్థం కావాలంటే ముందు ఆ బాంబుల సంగతి, తర్వాత ఆ పని సంగతి చూడాలి.

ఇరాక్ రోడ్ల మీదికి బాంబులు ఎలా వచ్చాయి

2003 మార్చిలో అమెరికా సేనలు ఇరాక్‌లోకి ప్రవేశించాయి. కొన్ని వారాల్లోనే సద్దాం ప్రభుత్వం కూలిపోయింది. మే నెలలో ఆక్రమణ పాలనా యంత్రాంగం ఇరాక్ సైన్యాన్ని రద్దు చేసింది. ఆయుధాలు వాడటం తెలిసిన లక్షల మంది ఒక్క ఉత్తర్వుతో రోడ్డున పడ్డారు. మరోవైపు, దేశమంతటా ఉన్న ఆయుధాగారాలకు కాపలా లేదు. బాగ్దాద్‌కు దక్షిణాన అల్ ఖఖా అనే చోట నిల్వ ఉంచిన 340 టన్నులకు పైగా శక్తిమంతమైన పేలుడు పదార్థాలు మాయమయ్యాయని 2004 అక్టోబర్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తెలియజేసింది. అమెరికా అధ్యక్ష ఎన్నికలు ముంగిట్లో ఉండటంతో అది అక్కడ పెద్ద దుమారమే లేపింది.

అయితే రోడ్డు పక్క పెట్టిన బాంబుల్లో ఎక్కువ వాటికి అంత ఖరీదైన సరుకు అవసరం పడలేదు. ఎక్కడపడితే అక్కడ దొరికే పాత ఫిరంగి గుళ్లే సరిపోయాయి. వాటిని పేల్చే ఏర్పాటును చేతికందిన సామాన్లతో చేసేవారు. కర్మాగారంలో కాక చేత్తో తయారైన ఈ బాంబులకే ఐఈడీ అని పేరు. మన పత్రికల భాషలో మందుపాతర అనేదానికి ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే ఐఈడీ నేలలోనే ఉండాలని లేదు. కారు డిక్కీలో, జంతువు కళేబరంలో, మనిషి ఒంటి మీద, ఎక్కడైనా ఉండొచ్చు. ఇరాక్ యుద్ధంలో శత్రువు చేతిలో చనిపోయిన అమెరికన్ సైనికుల్లో సగానికి పైగా ఇలాంటి బాంబులకే బలయ్యారు.

ఇక్కడి నుంచి మొదలైంది ఎత్తుకు పైఎత్తు. మొదట్లో పొడవాటి వైరుతో పేల్చేవారు. ఆ వైరును పట్టుకుని పోతే పేల్చేవాడు దొరికేవాడు. అందుకని సెల్‌ఫోన్లు, రేడియో పరికరాలకు మారారు. సంకేతాలు అందకుండా చేసే జామర్లను వాహనాలకు బిగించడం మొదలైంది. దాంతో మళ్లీ వైర్లు వచ్చాయి, తొక్కితే పేలేవి వచ్చాయి. 2006లో పెంటగాన్ ఈ బాంబులను ఎదుర్కోవడానికే ప్రత్యేక సంస్థను పెట్టింది. 2007 నుంచి అడుగుభాగం ఇంగ్లిష్ ‘వీ’ అక్షరంలా ఉండే భారీ వాహనాలు పెద్దఎత్తున ఇరాక్‌కు వెళ్లాయి. పేలుడు వేగం నేరుగా అడుగుకు తగలకుండా రెండు పక్కలకూ చీలిపోయేందుకే ఆ ఆకారం.

సినిమా కథ 2004లో, అంటే ఈ పోటీ ఇంకా తొలి అంకంలో ఉన్నప్పుడు జరుగుతుంది. జామర్ల ప్రసక్తి తెర మీద దాదాపు లేకపోవడానికి అదొక కారణం కావచ్చు. కంటికి కనిపించని రేడియో తరంగాల పోరును తెర మీద చూపడం కష్టమన్నది ఇంకో కారణం.

లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ దాకా

బాంబుల నిర్వీర్యం ఒక ప్రత్యేక వృత్తిగా రూపుదిద్దుకున్నది రెండో ప్రపంచ యుద్ధంలో, బ్రిటన్‌లో. 1940లో జర్మనీ విమానాలు వేసిన బాంబుల్లో కొన్ని పడగానే పేలేవి కావు. కొన్ని పాడైనవి. మరికొన్నిటిలో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఆగి పేలే గడియారపు ఫ్యూజులు ఉండేవి. పేలని ఒక్క బాంబు వీధినంతా ఖాళీ చేయించేది, రైళ్లను ఆపేసేది. అది తెలిసే జర్మన్లు ఫ్యూజులను మరింత జిత్తులమారిగా తయారుచేశారు. కదిపితే పేలేది ఒకటి. ఫ్యూజును బయటికి లాగితే పేలేలా దాని అడుగున దాచిన పరికరం ఇంకొకటి. ఈ రెండోదాని గురి నేరుగా బాంబు తీయడానికి వచ్చేవాడి మీదే.

ఆ ఏడాది సెప్టెంబర్ 12న లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్ పక్కన భారీ బాంబు పడి, పేలకుండా భూమిలోకి దిగిపోయింది. లెఫ్టినెంట్ రాబర్ట్ డేవిస్ దళం మూడు రోజులు తవ్వి దాన్ని బయటికి తీసి, లారీలో హాక్నీ మైదానాలకు తరలించి పేల్చేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే నెలకొల్పిన జార్జ్ క్రాస్ అనే సాహస పతకం మొదట అందుకున్నవారిలో డేవిస్, అతని దళంలోని జార్జ్ వైలీ ఉన్నారు. అప్పట్లో పని అంతా చేతులతోనే. అందుకే ఆ రోజుల్లో బాంబు తీసేవాళ్లు చాలామంది ఆ పనిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. బ్రిటిష్ నౌకాదళంలో చేరి ఈ పని నేర్చుకున్న డ్రేపర్ కాఫ్‌మన్ అనే అమెరికన్ 1942లో అమెరికా నౌకాదళానికి బాంబు నిర్వీర్య పాఠశాల ఏర్పాటు చేశాడు. ఆ పరంపరలోని పాఠశాల ఇప్పుడు ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరంలో ఉంది. సినిమాలో థాంప్సన్ చనిపోయాక అతని స్థానంలోకి వచ్చే కథానాయకుడు సార్జెంట్ జేమ్స్ లాంటివాళ్లు నిజజీవితంలో తయారయ్యేది అక్కడే.

రెండో పెద్ద మలుపు బెల్‌ఫాస్ట్ రాజధానిగా ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో వచ్చింది. అక్కడి సాయుధ పోరాటంలో కారు బాంబులు పెరిగి, 1970ల తొలి ఏళ్లలో బ్రిటిష్ సైనిక నిపుణులు వరసగా చనిపోయారు. 1972లో లెఫ్టినెంట్ కర్నల్ పీటర్ మిల్లర్‌కు ఒక ఆలోచన తట్టింది. తోటపనికి వాడే బ్యాటరీ తోపుడుబండి చట్రాన్ని దూరం నుంచి నడిపి, దానితో అనుమానం ఉన్న కారుకు కొక్కెం తగిలిస్తే మనిషి దగ్గరికి పోనక్కర్లేదు కదా అని. ఆ బండికి ‘వీల్‌బారో’ అన్న పేరే ఖాయమైంది. ఇప్పుడు ప్రపంచమంతా బాంబు స్క్వాడ్లు వాడే రోబోలకు అదే ముత్తాత. తర్వాత దానికి కెమెరా వచ్చింది, చేయి వచ్చింది. నీటిని విపరీతమైన వేగంతో చిమ్మి, పేలేలోపే బాంబు లోపలి ఏర్పాటును చెదరగొట్టే గొట్టం వచ్చింది.

ఎర్ర వైరా, నీలం వైరా అని చెమటలు కక్కే సినిమా హీరోకు ఈ చరిత్రలో చోటు లేదు. బాంబు చేసినవాడు ఏ రంగు వైరునైనా ఎక్కడైనా కలపొచ్చు. వైరు రంగును నమ్మి ప్రాణం పణంగా పెట్టడం ఏ శిక్షణలోనూ నేర్పరు. నేర్పేది వేరే. వీలైతే దగ్గరికి పోవద్దు, పోక తప్పకపోతే ఒక్కరే పోవాలి, అక్కడ ఉండే సమయం వీలైనంత తక్కువ కావాలి. ఆ ఒంటరి నడకకు బ్రిటిష్ సైనికులు ‘లాంగ్ వాక్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ నడక అవసరమే రాకుండా చూడటం వృత్తి లక్ష్యం.

సూటు ఏం ఆపుతుంది

సినిమా పోస్టర్ మీద, చివరి షాట్‌లో, మధ్యలో ఎన్నోచోట్ల కనిపించే ఆకుపచ్చ సూటు బరువు 35 కిలోల పైచిలుకు ఉంటుంది. పేలుడులో నాలుగు రకాల ప్రమాదాలుంటాయి. ఎగిరివచ్చే ముక్కలు, గాలి ఒత్తిడి అల, మంట, ఆ తోపుకు మనిషి ఎగిరి దేన్నైనా గుద్దుకోవడం. ముక్కల నుంచి, మంట నుంచి సూటు బాగానే కాపాడుతుంది. పెద్ద కాలరు మెడను, వీపు పలక వెన్నెముకను కాస్తాయి. ఒత్తిడి అల దగ్గరే చిక్కు. అది బట్టను చీల్చకుండానే ఊపిరితిత్తులను, మెదడును దెబ్బతీయగలదు. థాంప్సన్ పడిపోయినప్పుడు సూటు పెద్దగా చిరగదు. హెల్మెట్ అద్దానికి లోపలివైపు రక్తం చిమ్ముతుంది. మొత్తం సినిమాలో సాంకేతికంగా అంత కచ్చితమైన దృశ్యం ఇంకొకటి లేదనవచ్చు. పైకి కనిపించని మెదడు గాయాలే ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల గుర్తుగా తర్వాత వైద్యులు చెప్పుకొచ్చారు.

సూటులో చేతులకు మాత్రం కవచం ఉండదు. సన్నని వైరు పట్టుకోవాలంటే వేళ్లు స్వేచ్ఛగా ఉండాలి. అంటే బాంబుకు అందరికంటే దగ్గరగా ఉండే భాగానికే రక్షణ లేదు. దూరం ఇచ్చే రక్షణ సూటు ఇవ్వలేదని ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. పని పూర్తిచేసి దూరంగా వచ్చేలోపు ఏదైనా జరిగితే బతికే అవకాశాన్ని పెంచడం వరకే దాని పని.

కారులో పెట్టిన బాంబు దగ్గర జేమ్స్ ఈ సూటును విప్పి పక్కన పడేస్తాడు. కారు నిండా ఫిరంగి గుళ్లున్నాయి. పేలితే సూటు ఉన్నా లేనట్టే, పోయేదేదో హాయిగా పోదామన్నది అతని వాదన. లెక్క ప్రకారం అది పూర్తిగా తప్పు కాదు. పద్ధతి ప్రకారం మాత్రం క్షమించరాని తప్పు. పెద్ద బాంబు పక్కన మనిషిని చంపడానికే పెట్టిన చిన్న బాంబు ఉండొచ్చు, ఏదో మేడ మీద తుపాకీ గురిపెట్టినవాడు ఉండొచ్చు. సూటు పనికొచ్చేది అలాంటి సందర్భాల్లోనే.

ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది

మాజీ సైనికులు చూపిన తప్పుల జాబితా పొడవైనదే. 2004లో లేని కొత్తరకం యూనిఫాం తొడిగారన్నది అందులో చిన్నది. ముగ్గురు సైనికులు హమ్వీ అనే సైనిక వాహనంలో ఒంటరిగా బాగ్దాద్ వీధులన్నీ తిరగడం పెద్దది. నిజానికి బాంబు దళం ఒంటరిగా కదలదు. చుట్టూ కాపలా దళం ఉంటుంది, ఆ ప్రాంతాన్ని దిగ్బంధిస్తుంది. ఎడారిలో బాంబు నిపుణులు స్నైపర్లుగా మారిపోవడం, రాత్రిపూట సందుల్లోకి ముగ్గురే చీలిపోయి శత్రువును వెతకడం, జేమ్స్ ఒక్కడే స్థావరం దాటి ఊళ్లోకి పోవడం చూసి సైనికులు నవ్వుకున్నారంటే ఆశ్చర్యం లేదు. తోటివాడు పిలుస్తుంటే హెడ్‌సెట్ తీసి విసిరేసేవాణ్ని ఏ దళమూ మర్నాడు పనిలోకి పంపదు.

ఇవన్నీ దర్శకురాలికి, రచయితకు తెలియక జరిగినవి కావు. నిజమైన పని దినాన్ని ఉన్నదున్నట్టు తీస్తే ఏముంటుంది? కబురు వస్తుంది. వెళ్తారు. దూరంగా వాహనం ఆపుతారు. రోబోను పంపి, తెర మీద బొమ్మ చూస్తూ జాయ్‌స్టిక్ తిప్పుతారు. గంట, రెండు గంటలు. ఉన్నచోటే పేల్చేసి, మిగిలిన ముక్కలు ఏరుకుని వస్తారు. వృత్తిపరంగా అది గొప్ప విజయం. 131 నిమిషాల సినిమాగా తీస్తే శిక్షణ వీడియో అవుతుంది.

ముక్కలు ఏరుకోవడం అన్నచోట సినిమా చేసిన మార్పు ఒకటి అంతగా ఎవరి కంటా పడలేదు. జేమ్స్ తన మంచం కింద ఒక పెట్టె దాచుకుంటాడు. తనను చంపబోయి చంపలేకపోయిన బాంబుల స్విచ్చులు, తునకలు అందులో ఉంటాయి. పెళ్లి ఉంగరం కూడా వాటి మధ్యే ఉంటుంది. పాత్రను చెప్పడానికి అందమైన ఏర్పాటు. వాస్తవంలో ఆ తునకలు సాక్ష్యాలు. బాంబు కట్టిన తీరులో కట్టినవాడి చేతివాటం దొరుకుతుంది. వేలిముద్రలు, టంకం వేసిన పద్ధతి, వైరు మెలిపెట్టిన తీరు పోల్చి, ఏయే బాంబులు ఒకే చేతిలో తయారయ్యాయో తేల్చడానికి అమెరికా 2003లోనే ఎఫ్‌బీఐ ఆధ్వర్యంలో ప్రత్యేక ప్రయోగశాలను పెట్టింది. జేమ్స్ పెట్టెలో ఉన్నది జ్ఞాపకాలే కావు, వందల మందిని కాపాడగలిగిన సమాచారం కూడా. అతను దాన్ని సొంత ఆస్తి చేసుకోవడం వృత్తికీ పాత్రకూ మధ్య దూరాన్ని సూటు విప్పడం కంటే ఎక్కువగా పట్టిస్తుంది.

వాస్తవానికీ కల్పనకూ మధ్య గీత కోర్టు దాకా కూడా వెళ్లింది. జేమ్స్ పాత్ర తన మీదే ఆధారపడిందంటూ ఒక సైనికుడు 2010లో దావా వేశాడు. అమెరికా కోర్టులు భావప్రకటన స్వేచ్ఛ కింద నిర్మాతల పక్షానే నిలిచాయి. 2016లో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది.

గడియారం లేని ఉత్కంఠ

సినిమాల్లో బాంబు అనగానే ఎర్ర అంకెలు తగ్గుతూ పోయే గడియారం గుర్తొస్తుంది. ఆ పద్ధతికి సిద్ధాంతం చెప్పింది ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే, బల్ల దగ్గరివాళ్లు మాట్లాడే పిచ్చాపాటీ కూడా ఊపిరి బిగబట్టి వింటాడు. చెప్పకుండా పేలిస్తే ఒక్క క్షణం ఉలిక్కిపడతాడంతే. ఇందులో ఉత్కంఠ అంతా ప్రేక్షకుడికి ఎక్కువ తెలిసి ఉండటంలో ఉంది.

బిగెలో దీన్ని తిరగేసింది. ఒక్క చివరి బాంబు దగ్గర తప్ప గడియారం ఊసు దాదాపు లేదు. ప్రేక్షకుడికి జేమ్స్ కంటే ఎక్కువేమీ తెలియదు. బాంబు ఎప్పుడు పేలుతుందన్న ప్రశ్న స్థానంలో, ఎవరు పేలుస్తారన్న ప్రశ్న వచ్చింది. మేడ మీద ముగ్గురు నిలబడి చూస్తున్నారు. ఒకడు వీడియో కెమెరా పట్టుకున్నాడు. ఒకడు చెయ్యి ఊపాడు. ఇందులో ఎవడు? లేక అందరూ వట్టి వేడుక చూసేవాళ్లా? గడియారమైతే ఎంత సేపుందో చెబుతుంది. మనిషి ముఖం ఏమీ చెప్పదు.

చిత్రీకరణ కూడా ఈ అనుమానానికి తగ్గట్టే సాగింది. 2007లో జోర్డాన్‌లో, మండుటెండల్లో తీశారు. ఛాయాగ్రాహకుడు బ్యారీ ఆక్రాయిడ్ ఒకేసారి సూపర్ 16 అనే నాలుగు చిన్న ఫిల్మ్ కెమెరాలతో, వేర్వేరు చోట్ల నుంచి పట్టాడు. చాలాసార్లు కెమెరా దూరంగా నిలబడి జూమ్ చేస్తుంది, ఎవరో పొంచి చూస్తున్నట్టు. పేరుకున్న దృశ్యాలు దాదాపు 200 గంటలు. బాబ్ మురావ్‌స్కీ, క్రిస్ ఇన్నిస్ వాటిని ఎడిట్ చేసి ఆస్కార్ అందుకున్నారు. పేలుడు క్షణంలో మాత్రం అత్యంత వేగంగా పట్టే కెమెరా వాడారు. నేల మీది గులకరాళ్లు లేవడం, పాత కారు మీది తుప్పు రేణువులుగా పైకెగరడం కనిపిస్తాయి. మంట కంటే ముందు వచ్చే ఒత్తిడి అలను ఇలా కంటికి చూపించిన సినిమాలు తక్కువ.

శబ్దం చేసిన పని కూడా తక్కువది కాదు. హెల్మెట్ లోపల ఊపిరి, బయటి ప్రపంచపు అస్పష్టమైన గోల ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తాయి. శబ్ద విభాగంలోని రెండు ఆస్కార్లూ ఈ సినిమాకే వచ్చాయి.

ఉత్కంఠ పెంచే ఇంకో మీట నటుల ఎంపికలో ఉంది. మొదట చనిపోయే థాంప్సన్‌గా వేసింది గై పియర్స్. ఎడారిలో కలిసే బ్రిటిష్ బృందం నాయకుడు రేఫ్ ఫైన్స్, అతనూ నిలవడు. ప్రధాన పాత్రల్లో ఉన్న జెరెమీ రెన్నర్, ఆంథనీ మాకీ, బ్రయన్ గెరటీ అప్పటికి పెద్ద పేరున్నవాళ్లు కారు. పెద్ద నటుడు చివరిదాకా ఉంటాడన్న నమ్మకం ప్రేక్షకుడికి ఒక భద్రత. మొదటి పది నిమిషాల్లోనే సినిమా ఆ భద్రతను తీసేసింది.

అనుమానం పెట్టిన చిక్కు

ఈ పద్ధతికి మూల్యం ఉంది. ఉత్కంఠ ముఖాల మీద ఆధారపడినప్పుడు, ఆ ముఖాలు అర్థం కాకుండా ఉండాలి. అర్థమైతే ఉత్కంఠ చచ్చిపోతుంది. కాబట్టి ఇరాకీలు సినిమాలో ఎక్కువగా మేడల మీద, గుమ్మాల్లో, కిటికీల్లో నిలబడి చూసే మౌనపాత్రలే. వాళ్ల మాటలకు తరచూ అనువాదం ఉండదు. ఇరాకీలను మనుషులుగా కాక ప్రమాదాలుగా చూపిందన్న విమర్శ వచ్చింది అందుకే. దర్శకురాలి ఉద్దేశం ఏదైనా, కథ నడిపే యంత్రమే ఆ పని చేయించింది.

సినిమాకు ఈ సంగతి కొంత తెలుసు. డీవీడీలు అమ్మే ‘బెక్‌హామ్’ అనే కుర్రాడితో జేమ్స్‌కు చనువు ఏర్పడుతుంది. కడుపులో బాంబు కుట్టిన ఒక బాలుడి శవం దొరికినప్పుడు అది బెక్‌హామే అనుకుని జేమ్స్ రగిలిపోతాడు, స్థావరం దాటి ప్రతీకారానికి పోతాడు. తర్వాత బెక్‌హామ్ నవ్వుతూ ఎదురుపడతాడు. జేమ్స్ పలకరించకుండా వెళ్లిపోతాడు. స్థావరం దాటిపోవడం సైనికపరంగా అసంభవమైనా, ఈ పొరపాటు మాత్రం సినిమా తన మీద తానే వేసుకున్న ప్రశ్న. ఇష్టపడిన పిల్లవాడి ముఖాన్నే గుర్తుపట్టలేనివాడు మేడ మీదివాడి ముఖాన్ని ఏం చదువుతాడు?

చివర్లో తన ఇష్టం లేకుండా ఒంటికి బాంబు బిగించారని ఏడుస్తూ వచ్చే వ్యక్తి సన్నివేశం కూడా అదే దారిలోనిది. ఆ పాత్ర వేసింది ఇరాకీ నటుడు సుహైల్ అల్ దబాచ్. ఇనుప తాళాలు తెంచడానికి సమయం చాలదు. జేమ్స్ క్షమాపణ చెప్పి పరిగెత్తుతాడు. ఇరాకీ బాధకు సినిమా ఎంతో దగ్గరగా వచ్చిన ఘట్టం అది. వచ్చిన వెంటనే దూరం జరగక తప్పని ఘట్టం కూడా.

రాజకీయంగా మరో అభ్యంతరం ఉంది. ఈ యుద్ధం ఎందుకు జరుగుతోందన్న మాటే సినిమాలో లేదు. బాంబు తీసేవాడు ఎవరినీ చంపడానికి వెళ్లడు, పేలబోయేదాన్ని ఆపడానికి వెళ్తాడు. యుద్ధాన్ని సమర్థించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ అతని పక్కనే నిలబడగలరు. అంతకుముందు రెండేళ్లలో వచ్చిన ఇరాక్ సినిమాలు ఎక్కువభాగం యుద్ధం మీద తీర్పు చెప్పబోయి థియేటర్లలో నిలబడలేకపోయాయి. ఈ సినిమా తీర్పు జోలికి పోకుండా ఆ గండం తప్పించుకుంది. అది నిగ్రహమా, తప్పుకోవడమా అన్న వాదన ఇప్పటికీ తేలలేదు.

ఆస్కార్ లెక్కలు

2010 మార్చి 7న ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే సహా తొమ్మిది నామినేషన్లలో ఆరు గెలిచింది. ఉత్తమ దర్శకత్వపు ఆస్కార్ అందుకున్న తొలి మహిళ బిగెలో. అంతకుముందు ఆ విభాగంలో నామినేషన్ దాకా వచ్చిన మహిళలు ముగ్గురే. పోటీలో ప్రధాన ప్రత్యర్థి ‘అవతార్’, దాని దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆమె మాజీ భర్త కావడంతో పత్రికలకు కావలసినంత మేత దొరికింది.

అంతకంటే ఆసక్తికరమైనది డబ్బు లెక్క. సుమారు 1.5 కోట్ల డాలర్లతో తీసిన సినిమా అమెరికాలో వసూలు చేసింది 1.7 కోట్ల డాలర్ల దరిదాపు, ప్రపంచమంతా కలిపి 5 కోట్ల లోపు. ఆధునిక కాలంలో ఉత్తమ చిత్రం అవార్డు పొందినవాటిలో అప్పటికి అదే అతి తక్కువ. ఆ ఏడాదే ఉత్తమ చిత్రం పోటీని ఐదు నుంచి పదికి పెంచి, ఓటు వేసేవారు సినిమాలను వరస క్రమంలో పేర్చే పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతిలో కొందరికి విపరీతంగా నచ్చి కొందరికి బొత్తిగా నచ్చని సినిమా కంటే, ఎక్కువమంది జాబితాల్లో రెండో మూడో స్థానంలో ఉన్న సినిమాకు లాభం. ఎవరి పక్షమూ తీసుకోని యుద్ధ చిత్రానికి అది అనువైన నేల. పాత పద్ధతిలోనూ గెలిచేదేమో, ఓట్ల వివరాలు బయటపెట్టరు గనుక చెప్పలేం. 2020లో ఈ సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర నిధిలో భద్రపరచదగినవాటి జాబితాలో చేర్చారు.

మత్తు అన్న మాట

సినిమా మొదట్లో పాత్రికేయుడు క్రిస్ హెడ్జెస్ 2002 నాటి పుస్తకంలోని వాక్యం తెర మీద కనిపిస్తుంది. మిగతా అక్షరాలు మసకబారి, యుద్ధం ఒక మత్తుమందు అన్న భాగమే మిగులుతుంది. సినిమా వాదన అదే. 873 బాంబులు తీశానని జేమ్స్ చెప్పినప్పుడు కర్నల్ మురిసిపోతాడు. ఆ సంఖ్యలో ప్రేక్షకుడికి వినిపించేది ఒక వ్యసనపరుడి లెక్క.

ఈ వాదనకు బలమైన ప్రతివాదం ఉత్తర ఐర్లండ్ నుంచే వచ్చింది. అక్కడ పనిచేసిన బ్రిటిష్ బాంబు నిపుణుల మీద మనస్తత్వవేత్త స్టాన్లీ రాక్‌మన్ బృందం 1980ల మొదట్లో అధ్యయనం చేసింది. సాహస పతకాలు పొందినవారి గుండె, ఒత్తిడి పరీక్షలో, పతకాలు రాని తోటివారి గుండె కంటే నెమ్మదిగా కొట్టుకుంది. అంటే ఆ పనిలో మెరిసినవాళ్లు ఉద్రేకం కోసం వెంపర్లాడేవాళ్లలా కనిపించలేదు, ఉద్రేకం అంతగా అంటనివాళ్లుగా కనిపించారు. జేమ్స్‌లో ఈ రెండు లక్షణాలూ కలగాపులగమయ్యాయి. బాంబు మీద వంగినప్పుడు అతని చేతులు వణకవు, అది రాక్‌మన్ చూసిన మనిషి. సిగరెట్ ముట్టించి నవ్వుకునేవాడు, పెట్టెలో తునకలు దాచేవాడు సినిమాకు కావలసిన మనిషి.

వ్యసనం కంటే అలవాటు అన్న మాట సినిమా చివరి భాగానికి ఎక్కువ నప్పుతుంది. ఇంటికి తిరిగొచ్చిన జేమ్స్ సూపర్‌మార్కెట్‌లో పొద్దున పాలలో వేసుకు తినే సీరియల్ డబ్బాల అరల ముందు నిలబడిపోతాడు. ఎటు చూసినా డబ్బాలే, ఏది తీసుకున్నా ఒకటే, ఏది తీసుకోకున్నా పోయేదేమీ లేదు. బాగ్దాద్‌లో అతని ప్రతి కదలికకూ పర్యవసానం ఉండేది. ఇక్కడ దేనికీ లేదు. ఇంటి పైకప్పు గట్టర్లలో ఆకులు తీస్తాడు, భార్యకు బాంబు కబుర్లు చెబుతాడు. ఆమె కూరగాయలు తరగమని ఇస్తుంది. పేలుళ్లేవీ లేని ఈ కొద్ది నిమిషాలను సైనికులు కూడా పెద్దగా తప్పుపట్టలేదు.

కథ పొడవునా తెర మీద ఒక లెక్క కనిపిస్తూ ఉంటుంది, జేమ్స్ ఉన్న బ్రావో కంపెనీ అనే సైనిక దళం ఇంటికి వెళ్లడానికి ఇంకా ఎన్ని రోజులో. 38తో మొదలై తగ్గుతూ పోతుంది. సినిమాలో అసలైన గడియారం అదొక్కటే, అది నడిచేది ఇంటివైపు. చివర్లో హెలికాప్టర్ దిగిన జేమ్స్ మళ్లీ ఆ సూటు వేసుకుని ఇరాక్ వీధిలోకి నడుస్తాడు. ఈసారి అతను డెల్టా కంపెనీతో ఉన్నాడు. తెర మీద లెక్క మళ్లీ మొదటికొస్తుంది: 365 రోజులు.